ఢిల్లీ అని మాత్రమే రాసిన ఉత్తరం

నా దస్తూరి బాగుంటుంది. జీవితంలో నన్ను నలుగురూ మెచ్చుకున్నది ఆ ఒక్క విషయంలోనే. నేను చేసిన అతి పెద్ద తప్పు కూడా ఆ దస్తూరితోనే చేశాను.

పోస్టాఫీసులో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, పాత రోజుల సంగతులు చెప్పమంటారు. రన్నర్ల గజ్జెల ఈటె గురించీ, లక్క ముద్రల గురించీ చెప్పి, చాయ్ తాగించి పంపేస్తుంటాను. ఈ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. కాగితం మీదైతే ఎదుటివాడి మొహం చూడనక్కర్లేదు గనక రాస్తున్నాను. ఇప్పుడు మీరు ఆరంకెలు వేస్తే చాలు, ఉత్తరం వెళ్ళి గుమ్మం ముందు వాలుతుంది. మా కాలం వేరు, నాయనా.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు అది. సూర్యాపేట డాక్‌ఖానాలో నేను గుమాస్తాను. పైన పోస్టుమాస్టరు సాబ్, కింద నేను, ఊళ్ళకు తిరిగే రన్నర్లు ముగ్గురు. నిజాం ప్రభువు పాలన పోయినా నిజాం తపాలా బిళ్ళలే ఇంకా అమ్ముతున్నాం. ఆ బిళ్ళలు సంస్థానం పొలిమేర దాకే చెల్లుతాయి. కోదాడ దాటి కృష్ణా జిల్లాలో అడుగు పెడితే ఉత్తరానికి అవతలి బిళ్ళ కావాలి. శుక్రవారం సెలవు ఆదివారానికి మారింది. అంతవరకూ ఉర్దూలో వచ్చే హుకుంలు ఇంగ్లీషులో రావడం మొదలయ్యాయి. ఊళ్ళో ఉర్దూ చదువుకున్నవాళ్ళంతా ఒక్క రాత్రిలో చదువు రానివాళ్ళయిపోయారు.

నేను బతికిపోయాను. పాత ఇంగ్లీషు పేపర్లు పట్టుకుని, ఒక నోటుబుక్కు పెట్టుకుని, నాలుగేళ్ళుగా నాకు నేనే ఇంగ్లీషు నేర్చుకుంటున్నాను. నాకు వేరే పనేముంది? మాది నిడమనూరు. అమ్మానాన్నలు చిన్నప్పుడే పోయారు. పెంచిన మేనమామ, ఉద్యోగం రాగానే "ఇగ నీ బతుకు నీది" అని చేతులు దులుపుకున్నాడు. సూర్యాపేటలో గానుగ వాళ్ళింటి వెనక ఒక గది కిరాయికి తీసుకున్నాను. సాయంత్రం ఐదు దాటితే నాతో మాట్లాడే మనిషి ఉండేవాడు కాదు. గొంతు ఉందో పోయిందో చూసుకోవడానికి గదిలో ఊరికే గట్టిగా దగ్గేవాణ్ని. నవ్వకండి, నిజమే చెబుతున్నాను.

ఆ నోటుబుక్కులో నన్ను బాగా ఆకట్టుకున్న మాట ఒకటుంది. ఢిల్లీ. మన తెలుగులో ఢిల్లీ అంటే అందరాని దూరం, పెద్దరికం. ఢిల్లీకి రాజైనా తల్లికి కొడుకే అంటాం, అంతటితో దాని పని అయిపోతుంది. ఇంగ్లీషు పేపర్లో అలా కాదు. ఢిల్లీ ఇలా అనుకుంటోంది, ఢిల్లీ విచారం తెలియజేసింది, ఢిల్లీ ఊరుకోదు, ఢిల్లీ చూస్తోంది. ఊరు మనిషిలా లేచి కూర్చుని మాట్లాడుతుంది, అలుగుతుంది, చూస్తుంది! అలాంటి వాక్యం కనిపించినప్పుడల్లా నోటుబుక్కులో ఎక్కించేవాణ్ని. మొత్తం మూడు పేజీలు నిండాయి. ఇంగ్లీషులో ఆ పేరుకు సర్కారు అని అర్థం, ఆ ఒక్క మాట అంటే చాలు అంతా వచ్చేస్తుంది అని నాకు నేనే తేల్చుకుని, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేవాణ్ని.

మా పోస్టుమాస్టరు సాబ్‌కు యాభై దాటాయి. ఆయన ఉర్దూ దస్తూరి చూస్తే కళ్ళకద్దుకోవాలనిపించేది. అలాంటాయన, మధ్యాహ్నం జనం పలచబడ్డాక నా పక్కన స్టూలు వేసుకుని, పలక పట్టిన పిల్లవాడిలా ఊళ్ళ పేర్లు ఇంగ్లీషులో రాయడం నేర్చుకునేవారు. పరీక్ష పెడతారనీ, రాకపోతే ఇంటికి పంపుతారనీ ఆయన భయం. బంధువులంతా హైదరాబాదు వెళ్ళిపోయారు, ఇక్కడ ఆయనా, ఆయన హుక్కా మిగిలారు.

"ఢిల్లీ పేరుకు అసలు అర్థమేంది సాబ్?" అని ఒకసారి అడిగాను.

"మేం నోటితోని దిల్లీ అంటం, కితాబుల దెహ్లీ అని రాస్తం. దహ్లీజ్ కెళ్ళి వచ్చిందంటరు కొందరు, అంటే గడప. ఇంకొందరు, వదులైన మేకు అంటరు, దానికి ఇంకో కిస్సా ఉన్నది. ఏది నిజమో ఆ పైవానికెరుక." ఆయన తను రాసిన అక్షరాల వంక చూసుకుని, "ఈ హెచ్ ఎందుకు మియా నడుమల? పలకనే పలకది," అన్నారు.

"ఇంగ్లీషులో అంతే సాబ్. ఊరికే ఉంటుంది."

"నా లెక్క. దఫ్తర్ల కూసుంటది, నోరు తెరవది," అని నవ్వారు. నేనూ నవ్వాను.

ఆమె వచ్చింది ఒక అంగడి రోజున. ఆత్మకూరు మనిషి, గొర్లు కాచే ఇంటి ఆడబిడ్డ. నలభై ఏళ్ళుంటాయేమో. భుజాన గొంగడి, చేతిలో కర్ర. కౌంటరు దగ్గరికి రాకుండా మెట్ల మీదే నిలబడి కేకేసింది.

"ఇంగ్లీషు రాసే సారు నువ్వేనా?"

"నేనే. ఏం కావాలి?"

"ఢిల్లీకి ఒక కాయితం రాయాలె."

"ఢిల్లీలో ఎవరికి?"

"ఎవలికేంది? ఢిల్లీకే. నా తమ్ముణ్ని వట్టుకవోయిన మిలట్రీ ఆడికెళ్ళే వచ్చిందట గద? ఆడనే అడగాలె."

ఆమె తమ్ముడు అడవిలో గొర్లు కాస్తుంటే కమ్యూనిస్టు దళం వాళ్ళు ఒక పొట్టేలు అడిగారట. తుపాకీ పట్టుకున్నవాడు అడిగితే గొర్లకాపరి కాదంటాడా? ఇచ్చాడు. ఎవరో చెప్పారు. మిలట్రీ క్యాంపు వాళ్ళు వచ్చి తీసుకుపోయారు. మూడు నెలలయింది, మనిషి ఎక్కడున్నాడో తెలియదు.

"ఢిల్లీకి రాజైనా తల్లికి కొడుకే అంటరు. మాకు తల్లి లేదు సారూ. వానికి తల్లి, తండ్రి నేనే. గోలీలేసి సంపిన్రో, బతికున్నడో, గదొక్కటి చెప్పమను సాలు."

ఢిల్లీకే, అంది ఆమె. నా మూడు పేజీల నోటుబుక్కు చెప్పిందీ అదే గదా! ఒక చదువురాని మనిషి ఇంగ్లీషు పేపరు మాట్లాడినట్టు మాట్లాడిందని నాకు ఒళ్ళు పొంగింది. ఆ సాయంత్రం గదిలో కూర్చుని, రెండు పేజీల అర్జీ, నా జన్మలో రాయనంత అందంగా రాశాను. కవరు మీద, నడిమధ్యన, పెద్ద అక్షరాలతో ఢిల్లీ అని రాశాను. అంతే. కింద గీత కూడా గీశాను. వెనక వైపు ఆమె పేరు, ఊరు, మా డాక్‌ఖానా పేరు వేశాను.

పోస్టాఫీసులో పనిచేసేవాడివి, ఆ మాత్రం తెలియదా అంటారు. తెలియదు. మా తాలూకాలో ఉత్తరాల మీద విలాసాలు ఎట్లా ఉండేవో మీకు తెలియదు. 'చివ్వెంలలో మామిడి చెట్టు ఇంటాయనకు' అని వచ్చేది. రన్నరు ఆ కవరు వంక కూడా చూడకుండా తీసుకెళ్ళి ఇచ్చేవాడు. ఊరి పేరు రాస్తే మిగతాది మోసేవాడి నోటికి తెలుసు. ఢిల్లీలో కూడా అట్లాంటి రన్నరు ఒకడుంటాడనుకున్నాను నేను. తెలివితక్కువతనానికి హద్దుంటుందా?

బిళ్ళ సంగతిలో మాత్రం మహా జాగ్రత్తపడ్డాను. మా బిళ్ళ చెల్లదు గనక, మా సంచిలో వెయ్యకుండా, కోదాడ మీదుగా అవతలి జగ్గయ్యపేట పోయే బస్సు డ్రైవరు చేతికిచ్చాను. ఆయన కోదాడ మనిషి.

"ఢిల్లీకే! అబ్బో, పెద్ద పనే పెట్టుకున్నారుగా గుమస్తాగారూ," అన్నాడాయన కవరు తిప్పి చూసి. "అలాగే లెండి. జగ్గయ్యపేటలో బిళ్ళ కొని అంటించి నా చేత్తో డబ్బాలో వేస్తాను."

అందువల్ల ఆ కవరు మా పోస్టుమాస్టరు సాబ్ కళ్ళ పడలేదు. పడి ఉంటే ఆరోజే నా చెవి మెలిపెట్టి ఉండేవారు.

అక్కణ్ణించి ప్రతి అంగడికీ ఆమె వచ్చేది. అంగట్లో పని చూసుకుని, మా డాక్‌ఖానా మెట్ల మీద కూర్చునేది. "ఏమన్న వచ్చిందా సారూ?" అని అడిగేది. రాలేదంటే పోయేది కాదు. మూట విప్పి జొన్నరొట్టె, మిరప్పొడి తీసేది. మొదట ఒద్దన్నాను. రెండోసారి తిన్నాను. మూడోసారి ఆమె రాకముందే వీధి వైపు చూస్తున్నాను.

"నీకెవ్వలు లేరా సారూ?" అని ఒకనాడు అడిగింది.

"లేరు."

"గట్లుంటదా ఎక్కడన్న? వండుకునుడు?"

"నేనే."

"ఆఁ, నీ మొకం జూస్తేనే తెలుస్తున్నది నీ వంట. తిను, ఇంకోటి తిను తమ్మీ."

తమ్మీ! ఆమె అలవాటుగా అనేసిందో, తమ్ముడు గుర్తొచ్చి అందో నాకు తెలియదు. ఆ సాయంత్రం గదిలో నేను దగ్గలేదు. ఆ మాటను రెండుసార్లు పైకి అనుకున్నాను. ఇరవై ఆరేళ్ళ వయసులో నన్ను ఒకరు వరసపెట్టి పిలవడం అదే మొదలు.

నెల తిరిగేసరికి కవరు తిరిగొచ్చింది. నా అందమైన అక్షరాల పక్కన ఎవరో పెన్సిలుతో, పూర్తి విలాసం లేదు, పంపినవారికి వాపసు అని ఇంగ్లీషులో గీకారు. సంచి విప్పింది నేనే గనక ఎవరూ చూడలేదు. చటుక్కున తీసి నా మేజా సొరుగులో, నోటుబుక్కు కింద పెట్టాను. ఈ అంగడికి చెప్పేస్తాను, ఎవరికి రాయాలో కనుక్కుని మళ్ళీ రాస్తాను అనుకున్నాను.

అంగడి వచ్చింది. ఆమె వచ్చింది. ఈసారి మూటలో మామిడిపండ్లున్నాయి.

"పోయిందా తమ్మీ మన కాయితం?"

"పోయిందక్కా," అన్నాను. "ఢిల్లీ చూస్తున్నది."

నా నోటుబుక్కులోని వాక్యమే అది, తెలుగులోకి మార్చి ఆమె చేతిలో పెట్టాను. ఆమె మొహం వెలిగింది. "సూడనీ, సూడనీ. నిదానంగ సూస్తెనే మంచిది," అంది. మంచి పండు ఏరి నాకిచ్చింది, నేను తిన్నాను.

సిగ్గుపడి చెప్పలేదని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అందులో సగమే నిజం. రెండో సగం చెబుతాను, వినండి. ఢిల్లీ సంగతి తేలిపోతే ఆమె ఇంకో దారి వెతుక్కుంటుంది, ఇంకో మెట్ల మీద కూర్చుంటుంది. నాకు అంగడి రోజు మామూలు రోజయిపోతుంది. అందుకని చెప్పలేదు. వచ్చే వారం, ఆ పై వారం అనుకుంటూ రెండు నెలలు గడిపాను.

వానలు బాగా పడుతున్న రోజుల్లో మా ఆఫీసుకు ఒక నోటీసు వచ్చింది. మిర్యాలగూడలో విచారణ అధికారి కూర్చున్నాడు, పట్టుబడినవాళ్ళలో ఎవరికైతే ఇద్దరు పెద్దమనుషులు పూచీ పడి జమానతు ఇస్తారో వాళ్ళను వదిలేస్తారు, మిగతావాళ్ళను ఫలానా తేదీ తర్వాత దూరపు జైలుకు తరలిస్తారు. కింద పేర్ల జాబితా ఉంది. అందులో ఆమె తమ్ముడి పేరుంది. బతికే ఉన్నాడు. గడువుకు మూడు రోజులే ఉంది. నేనే మైదా రాసి ఆ నోటీసును గోడకు అతికించాను.

మర్నాడు అంగడి. ఆమె మెట్ల మీద కూర్చుని గోడ వంక చూసింది. "గదేంది తమ్మీ, కొత్త కాయితం?"

నోరు తెరిచాను. మిర్యాలగూడ అంటే, మరి ఢిల్లీ ఏమంది అంటుంది. అప్పుడు సొరుగు తెరవాలి.

"అది సర్కారు పని అక్కా, వేరే," అన్నాను.

ఆమె సరేనని రొట్టె తీసింది. ఆమె వెళ్ళిపోయాక కూడా నేను లేచి పరిగెత్తలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యమేస్తుంది.

మరునాడు మధ్యాహ్నం నేను భోజనం చేసి వచ్చేసరికి పోస్టుమాస్టరు సాబ్ నా కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఎదురుగా పలక, పలక మీద సగం రాసిన ఢిల్లీ, పక్కన నా కవరు. హెచ్ ఎక్కడొస్తుందో మరిచిపోయారట. నా నోటుబుక్కులో చూసి రాసుకుందామని సొరుగు తెరిచారట. కవరు మీద ఆయనకు కావలసిన మాట ఇంతింత అక్షరాలతో కనిపించింది.

"అక్షరాలు బహుత్ ఖూబ్," అన్నారు. "వెనక పంపినోళ్ళ పేరు జూసిన. ఆ ఆత్మకూరు ఆమెనే గద? నిన్నగూడ వచ్చింది గద ఆమె?"

నేను వెళ్ళి, తెరిచి ఉన్న సొరుగు మూశాను.

"గోడ మీద నోటీసు సదివిన మియా, ఉర్దూల గూడ ఉన్నది గద కింద. ఆ పిలగాని పేరున్నది. ఆమెకు చెప్పినవా?"

"లేదు సాబ్."

ఆయన గట్టిగా అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. "రన్నరు ఒక్కపూట ఆలస్యం జేస్తే జీతం కోయాలె అంటవు. నువ్వు రెండు నెలలు సొరుగుల వెట్టినవ్. ఉత్తరాన్ని కాదు, మనిషిని," అన్నారు. అని, ఒక తెల్లకాగితం తీసి నా ముందుకు తోశారు. "జమానత్ కాయితం రాయి. ఇద్దరు కావాలె గద? ఒకడివి నువ్వు. రెండో దస్తఖత్ నాది."

"సాబ్, మీకు... ఈ రోజుల్లో..."

"తెలుసు. రాయి."

ఆ రోజుల్లో ఆయనలాంటి నిజాం కాలపు ముసల్మాను ఉద్యోగి, కమ్యూనిస్టులకు పొట్టేలిచ్చినవాడికి పూచీ పడటమంటే ఉద్యోగాన్ని పళ్ళెంలో పెట్టి ఇచ్చినట్టే. నేను రాసిచ్చాను. ఆయన కలం పట్టుకుని, పలక మీద రెండుసార్లు దిద్దుకుని, తన పేరు ఇంగ్లీషులో సంతకం చేశారు. జీవితంలో అది ఆయన మొదటి ఇంగ్లీషు సంతకం. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. "పో ఇగ. కౌంటర్ నేను సూస్త," అన్నారు.

వానలో ఆత్మకూరు దాకా నడిచాను. ఆమె గొర్లను దొడ్లోకి తోలుతోంది. మిర్యాలగూడ పోవాలి, అధికారి రేపటిదాకే ఉంటాడు, తమ్ముడు బతికే ఉన్నాడు అని చెప్పాను. బతికే ఉన్నాడు అనగానే కర్ర వదిలేసి అక్కడే బురదలో కూలబడింది. తేరుకుని, "ఢిల్లీ చెప్పిందా?" అని అడిగింది. తల ఊపాను. అప్పుడు కూడా.

రాత్రికి రాత్రే ఇద్దరం వెనక్కి నడిచాం. తెల్లవారుజామున సూర్యాపేటలో ఒక లారీ దొరికింది. కొంతదూరం పోయాక అది వేరే దారి పట్టింది. అక్కణ్ణుంచి నడిచి మూసీ ఒడ్డుకు చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. ఏరు ఎర్రగా పారుతోంది. అవతలికి పోవలసిన బండ్లన్నీ ఒడ్డున ఆగి ఉన్నాయి. ఇంకాసేపాగితే నడుము లోతుకు తగ్గుతుందన్నారు. ఇద్దరం రాయి మీద కూర్చున్నాం. ఆమె మూట విప్పి రొట్టె తీసి, "తిను తమ్మీ, పొద్దటికెళ్ళి ఏం తినలే," అంది.

ఇక నావల్ల కాలేదు.

"అక్కా, మన కాయితం ఢిల్లీకి అందలేదు. విలాసం సరిగ్గా రాయలేదు నేను. తిరిగొచ్చింది."

ఆమె చెయ్యి ఆగింది. "ఎప్పుడు?"

"రెండు నెలలయింది."

"మరి సూస్తున్నదంటివి?"

"అబద్ధం చెప్పాను. గోడ మీది కాగితం కూడా నీ తమ్ముడి గురించే."

"ఎందుకు?"

"చెబితే నువ్వు రావడం మానేస్తావని."

ఆమె నన్ను చాలాసేపు చూసింది, ఎవరో కొత్తమనిషిని చూస్తున్నట్టు. "నీ నోట్ల మన్నువడ," అంది చివరికి. గొంతు పెద్దది చెయ్యలేదు. "ఎంత పని జేసినవ్ర! వాడాడ చీకటి కొట్టుల వడి ఉంటే, వాని రొట్టె నువ్వు తిన్నవన్నట్టు."

చేతిలో రొట్టెను మళ్ళీ మూటలో కట్టేసింది. ఏరు తగ్గేదాకా ఆమె ఏడ్చింది, నా వైపు తిరక్కుండా.

నాకు ఈత రాదు. నీళ్ళంటే భయం. అందరూ దిగుతున్నారు, నేను ఒడ్డున నిలబడిపోయాను. ఆమె రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి, నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు ఇనుప కడియంలా ఉంది.

"నడువు. జమానత్ ఇచ్చెటోడివి నువ్వు మునిగితే నా తమ్ముడెట్లొస్తడు?" అంది.

నడి ఏట్లో నీళ్ళు రొమ్ముదాకా వచ్చాయి. కాగితాలున్న సంచిని నెత్తిన పెట్టుకున్నాను. రెండుసార్లు కాళ్ళు జారాయి. ఆమె వదల్లేదు. అవతలి ఒడ్డు ఎక్కగానే వదిలేసింది, వదిలి చెయ్యి చీరకు తుడుచుకుంది.

మిర్యాలగూడలో ఒక బడిలో విచారణ పెట్టారు. మేం చేరేసరికి బల్లలు సర్దేస్తున్నారు. గుమాస్తా మా కాగితం ముట్టుకోను కూడా లేదు. "అయిపోయింది. ఖతం. రేపు పొద్దున లారీలు పోతయ్. ముందుగాల ఏం జేసిన్రు మీరు?" అన్నాడు. ఆ ప్రశ్నకు ఆమె నా వంక చూడలేదు. తిన్నగా వెళ్ళి, లోపలి గది గడప మీద అడ్డంగా కూర్చుంది.

"ఏయ్, జరుగు! సాబ్ బైటికి రావాలె."

"నేను జరుగ. నన్ను దాటుకుంట పొమ్మను మీ సాబ్‌ను."

ఇద్దరు జవాన్లు వచ్చి నిలబడ్డారు, ఆడమనిషి మీద చెయ్యెలా వెయ్యాలో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ గొడవకు అధికారి బయటికి వచ్చాడు. మన భాష మనిషి కాదు. తడి బట్టలతో నేను నా పేపరు ఇంగ్లీషంతా కూడగట్టుకుని చెప్పాను. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు అని అడిగాడు. సంచిలోంచి ఆ కవరు తీసి ఇచ్చాను. ముందు వైపు చూశాడు. వెనక్కి తిప్పాడు. మళ్ళీ ముందు వైపు చూశాడు.

"ఎవరు రాశారిది?"

"నేనే సార్."

"చేతిరాత బాగుంది," అన్నాడు. "ఢిల్లీ చాలా పెద్ద ఊరు."

జమానతు కాగితం తీసుకుని, మా పోస్టుమాస్టరు సాబ్ సంతకం దగ్గర కాసేపు ఆగి, ఇదెవరని అడిగి, తన సంతకం గీకాడు.

ఆమె తమ్ముడు బయటికి వచ్చేసరికి చీకటి పడబోతోంది. గడ్డం మాసి, భుజాలెముకలు పొడుచుకొచ్చి ఉన్నాడు. అక్కను చూసి మొట్టమొదట అడిగిన మాట, "గొర్లెట్లున్నయే?" అని. "అన్ని ఉన్నయ్‌ర. నువ్వే లేవు," అని ఆమె వాణ్ని కావలించుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. మూట విప్పి రొట్టె వాడి చేతిలో పెట్టింది. ఏటి ఒడ్డున నాకిచ్చి మళ్ళీ కట్టేసిన రొట్టె అది.

వాడు నా కాళ్ళమీద పడబోయాడు. "అన్నా, ఢిల్లీకి కాయితం రాసింది నువ్వేనట గద? జవాన్లు చెప్పుకుంటున్నరు. నీ రుణం తీర్సుకోలేను."

ఆమె చెబుతుందనుకున్నాను. చెప్పలేదు. తమ్ముడి భుజం మీద గొంగడి కప్పి, "పోదాం పా," అంది. నా వైపు తిరిగి, "పోయొస్తం సారూ," అంది.

ఆ తర్వాత ఆమె ఏ అంగడికీ మా మెట్ల మీద కూర్చోలేదు. ఆత్మకూరంతా మాత్రం, ఇంగ్లీషు సారు ఢిల్లీకి రాస్తే ఢిల్లీ భయపడి విడిచిపెట్టిందని చెప్పుకున్నారట. నలుగురైదుగురు వచ్చి మాకూ రాసిపెట్టమని అడిగారు కూడా. ఆ కథ అబద్ధమని తెలిసిన మనిషి ఆ ఊళ్ళో ఒక్కతే ఉంది, ఆమె నోరు విప్పలేదు. నన్ను కాపాడిందో, ఆ సంగతి ఎత్తడమే ఇష్టం లేదో ఇప్పటికీ తెలియదు. అనుమతి లేకుండా ఎందుకు వెళ్ళావు, ఎవరికి పూచీ పడ్డావు అని నాకు ఒక మెమో వచ్చింది. కొన్ని నెలలకు నన్ను కోదాడకు మార్చారు. పోస్టుమాస్టరు సాబ్‌ను ముందుగానే ఇంటికి పంపేశారు. అప్పటికి ఆయనకు ఊళ్ళ పేర్లన్నీ ఇంగ్లీషులో చూడకుండా రాయడం వచ్చేసింది. వెళ్ళేరోజు ఆ పలక నా చేతిలో పెట్టి, "విలాసం పూరా రాయి మియా, ఎప్పుడైనా సరే," అన్నారు.

కోదాడలోనూ ఎవరింటి వెనకో ఒక గది, సాయంత్రం ఐదు తర్వాత మామూలే. మళ్ళీ దగ్గడం అలవాటయింది.

ఏడాదిన్నరకు నాకొక కార్డు వచ్చింది. జీవితంలో నా పేరు మీద వచ్చిన మొదటి కార్డు అది, ఆఫీసు కాగితాలు లెక్కలోకి రావు. నా పేరు, ఉద్యోగం, ఆఫీసు, ఊరు, తాలూకా, జిల్లా. ఒక్క ముక్క వదల్లేదు. ఎవరిచేత రాయించిందో గాని పక్కన కూర్చుని ఒక్కొక్కటే చెప్పి రాయించి ఉంటుంది. వెనక రెండే వాక్యాలు. తమ్ముని పెండ్లి. సారు రావాలె.

వెళ్ళాను. అందరిలో కూర్చోబెట్టి, అన్నం పెట్టి, మర్యాద చేశారు. పెళ్ళికొడుకు నన్ను అందరికీ చూపించి ఢిల్లీ కథ చెప్పాడు. ఆమె పందిట్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది, నా దగ్గర ఆగలేదు. మర్నాడు పొద్దున నేను బయలుదేరితే, బస్సు రోడ్డు దాకా నా వెనకే నడిచి వచ్చింది. బస్సు వచ్చాక కొంగు చాటునుంచి చిన్న మూట తీసి నా చేతిలో పెట్టింది. ఇంకా వేడిగా ఉంది.

"తొవ్వల తిను. ఇది నీకోసమే జేసిన," అంది.

బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఆమె రోడ్డు మీదే నిలబడి ఉంది. డ్రైవరు ఇంజను మొదలెట్టేదాకా ఆమె మొహం వంకే చూస్తూ, తమ్మీ అనే ఆ ఒక్కమాట కోసం ఎదురుచూశాను. బస్సు కదిలింది. ఆమె చెయ్యెత్తింది.

"పైలంగ పో సారూ," అంది.